హెల్మెట్ తగువు: బెజవాడ ఎండకు వియత్నాంలో దొరికిన జవాబు

బెంజ్ సర్కిల్ దగ్గర హెల్మెట్ తనిఖీలు పెరిగిన ప్రతిసారీ విజయవాడలో పాత వాదనే మళ్లీ లేస్తుంది. ఈ ఎండకు తల ఉడికిపోతోందని, బీసెంట్ రోడ్డు దాకా వెళ్లి రావడానికి అదెందుకని, ఇదంతా చలాన్ల కోసమేనని అంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్‌ను తప్పనిసరి చేసే 129వ సెక్షన్ గురించి తెలియనివాళ్లు తక్కువ కాబట్టి దాని జోలికి పోవడం లేదు. చట్టం ఉన్నా తలమీదికి హెల్మెట్ ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు 2007లో వియత్నాంలో దొరికింది.

అక్కడా మనలాగే ఊరంతా బైకులు, ఉక్కపోత. హెల్మెట్‌ను 'కరెంటు కుక్కర్' అని వెక్కిరించేవారు. కొన్ని రోడ్లకు నిబంధన ఉన్నా పట్టించుకున్నవాళ్లు లేరు. ఎండ వంకను కొట్టిపారేయకుండా, వేడి దేశాలకు సరిపోయేలా గాలి ఆడే తేలికపాటి హెల్మెట్లు తయారు చేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాతే గట్టి నిబంధన వచ్చింది. 2007 సెప్టెంబరు 15న జాతీయ రహదారులపై తప్పనిసరి చేశారు. ప్రభుత్వ ఉద్యోగులకూ అప్పుడే వర్తింపజేశారు. ముందు సర్కారు మనుషులే పెట్టుకుని కనబడాలన్న ఆ వరుస నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్లకూ, వెనక కూర్చున్నవాళ్లకూ అమలైంది.

అంతకుముందు సగం మంది కూడా పెట్టుకోని చోట 90 శాతం దాటారు. ఆస్పత్రులకు వచ్చిన ప్రమాద బాధితుల లెక్క తీస్తే, తర్వాతి 3 నెలల్లో తలగాయాల ముప్పు 16 శాతం, మరణాల ముప్పు 18 శాతం తగ్గింది.

లోపాలూ బయటపడ్డాయి. కొందరు బెల్టు బిగించకుండా ఊరికే తలమీద పెట్టుకున్నారు, దానికీ జరిమానా వేయాల్సి వచ్చింది. పిల్లల విషయంలో జరిమానా లేకపోవడంతో, హెల్మెట్ బరువుకు వాళ్ల మెడ దెబ్బతింటుందన్న అపోహ కూడా తోడై, పెద్దల తలకు హెల్మెట్, ముందు నిలబడ్డ పిల్లల తలకు ఏమీ లేని దృశ్యం చాలాకాలం సాగింది.

మన దగ్గర 2019 సవరణతో జరిమానా 1,000 రూపాయలైంది, లైసెన్సుపై 3 నెలల వేటు కూడా చేరింది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ల తయారీ, అమ్మకం నిషేధం. మన వాతావరణానికి తేలికైన హెల్మెట్లు కావాలన్న చర్చ కూడా ఆ ఉత్తర్వు వెనక ఉంది. అంటే ఎండ గురించి జనం చెప్పేది ఉత్త సాకు కాదని కేంద్రమే ఒప్పుకున్నట్టు. 2024లో హైకోర్టు కచ్చితంగా అమలు చేయాలని పోలీసులను ఆదేశించింది.

చలాన్ల కోసమే అనేవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. నెలకు రెండు రోజులు పట్టుకుని తర్వాత వదిలేస్తే అలాగే అనిపిస్తుంది. కానీ మంచి హెల్మెట్ పెట్టుకుంటే చావు ముప్పు దాదాపు 40 శాతం, తలగాయం ముప్పు దాదాపు 70 శాతం తగ్గుతుందని పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలింది. బీసెంట్ రోడ్డు దగ్గరే కదా అనే మాటకు ఇక్కడ చోటు లేదు. పడినప్పుడు తల తగిలేది నేలకే, ఇంటికి ఎంత దూరమన్నది దానికి పట్టదు.

ఈసారి తనిఖీల్లో చూడాల్సింది బండి నడిపే మనిషిని ఒక్కడినే కాదు. 129వ సెక్షన్ ఇప్పుడు 4 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. బడి గంట కొట్టే వేళకు ఏ స్కూలు గేటు దగ్గరైనా ఒక పది నిమిషాలు నిలబడి, వెనక సీట్లో కూర్చున్న చిన్న తలలు లెక్కపెట్టండి.