కొండలోకి ఇంకిన నీటి లెక్క: కొండచరియలపై అపోహలు - వాస్తవాలు

తిరుమల ఘాట్ రోడ్డు మీద బండరాయి దొర్లినా, వయనాడ్‌లో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయినా మన వార్తల్లో ఒకటే మాట: "కొండచరియలు విరిగిపడ్డాయి". ఈ రంగంలో పనిచేసే మాకు మొదటి చిక్కు ఈ మాటతోనే. కొండ కిందికి వచ్చే తీరు ఒక్కటి కాదు. రాయి పడుతుంది, నేల జారుతుంది, బురద పారుతుంది. మూడింటికీ కారణాలు వేరు, జాగ్రత్తలు వేరు.

అపోహ: కొండచరియ అంటే పైనుంచి బండలు పడటమే.

వాస్తవం: పడటం ఒక రకం మాత్రమే. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డును ధ్వంసం చేసినవి, 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో ఇళ్ల మీద పడి ప్రాణాలు తీసినవి ఇలా పడిన బండలే. తిరుమల కొండల్లోని క్వార్ట్జైట్ రాయి ఎంత గట్టిదైనా దాని నిండా నిలువు పగుళ్లు, అడ్డ పొరలు ఉంటాయి. పగుళ్లలో వేర్లు దిగి, వాటి వెంట నీరు దిగి, ఏళ్ల తరబడి బండను తల్లి రాతి నుంచి విడదీస్తాయి. వదులైన బండల్ని ముందే దించడం, ఉక్కు వల కట్టడం, బండను లోపలి రాతికి బిగించే ఉక్కు కడ్డీలు (రాక్ బోల్టులు) దించడం వంటివి ఇక్కడ పనికొస్తాయి.

వయనాడ్‌లో 2024 జులై 30న జరిగింది అది కాదు. అక్కడ కొండ పారింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) ఉపగ్రహ చిత్రాల ప్రకారం సముద్ర మట్టానికి 1,550 మీటర్ల ఎత్తున సుమారు 86,000 చదరపు మీటర్ల నేల ఊడి, అక్కడి వాగులో పడి, దాదాపు 8 కిలోమీటర్లు పోయింది. మట్టి, నీరు, ఇళ్లంత బండరాళ్లు, వేళ్లతో సహా చెట్లు కలిసి నడిచే కాంక్రీటులా వచ్చాయి. మలయాళీలకు దీనికి "ఉరుళ్‌పొట్టల్" అని విడిగా పేరుంది. మనకు లేదు కాబట్టి మనం కొండ అంచు ఇళ్లను మాత్రమే అనుమానిస్తాం. కొట్టుకుపోయిన ఊళ్లు ముండక్కై, చూరల్‌మల నుంచి చూస్తే ఊడిన చోటు కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రమాదం కొండకు ఎంత దగ్గరున్నాం అన్నదాన్ని బట్టే కాదు, వాగు దారికి ఎంత దగ్గరున్నాం అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

అపోహ: పెద్ద వాన వల్ల కొండ కొట్టుకుపోతుంది.

వాస్తవం: పైన పారిపోయే నీటితో వచ్చే నష్టం కోత. కొండను కదిలించేది లోపలికి ఇంకిన నీరు. పిల్లలు ఇసుకలో కట్టే పిచ్చుక గూడు గుర్తు తెచ్చుకోండి. పొడి ఇసుకతో గూడు నిలబడదు. తడి ఇసుకతో కడితే కాలు తీసినా నిలుస్తుంది, ఎందుకంటే రేణువుల మధ్య కాస్త నీరు, కాస్త గాలి ఉన్నప్పుడు ఆ తేమే వాటిని దగ్గరికి లాగి పట్టి ఉంచుతుంది. అదే గూటి మీద చెంబెడు నీళ్లు పోస్తే ఒక్కసారిగా జావైపోతుంది. సందుల్లో గాలి పోయి నీరు నిండింది, నిండిన నీరు రేణువుల్ని ఒకదాని నుంచి ఒకటి ఎడంగా నెట్టింది, రాపిడి పోయింది. కొండ మీద మట్టికీ ఇదే జరుగుతుంది. ఎండాకాలంలో నిటారుగా నిలిచిన మట్టి కోతను చూసి "ఇరవై ఏళ్లుగా చెక్కు చెదరలేదు" అని ధీమా పడేవాళ్లకు మేం చెప్పేది ఇదే.

లెక్కలో పెడితే ఇలా ఉంటుంది. జిగురు లేని, 34 డిగ్రీల రాపిడి కోణం (పొడిగా ఉన్నప్పుడు జారకుండా నిలిచే గరిష్ఠ వాలు) ఉన్న మట్టి పొడిగా ఉంటే 28 డిగ్రీల వాలు మీద నిలుస్తుంది. దాని పట్టు, జారే బలం కన్నా సుమారు 1.27 రెట్లు. నీరు ఉపరితలం దాకా నిండి వాలు వెంట పారితే ఆ పట్టు దాదాపు సగానికి పడిపోతుంది, 0.65 అవుతుంది. ఒకటి కన్నా తగ్గితే కదలాల్సిందే. నిండా తడిసిన అదే మట్టి 19 డిగ్రీలకు మించిన వాలు మీద నిలవదు.

అందుకే ఒక్క రోజు వాన కన్నా వరుస రోజుల మొత్తం ముఖ్యం. వయనాడ్‌లో తొలి 24 గంటల్లో 200, తర్వాతి 24 గంటల్లో 372, కలిపి 572 మిల్లీమీటర్లు కురిసింది. ఒక హెక్టారు మీద అది 57 లక్షల లీటర్ల పైమాటే. అంతకుముందు వారాల వానకే నేల నాని ఉంటే కొత్తగా దిగే నీరు కొంచెమైనా మోయడం కష్టం. ఏ కొండకు ఎంత వాన హద్దు అన్నది ఆ చోటి మట్టి లోతును, వాలును బట్టి మారుతుంది. ఒక చోటి అంకెను ఇంకో చోట వాడకూడదు. ఊళ్లో ఒక వానమాపకం పెట్టి, రోజూ ఒకే వేళకు చదివి, మూడు రోజుల మొత్తాన్ని గోడ మీద రాసిపెట్టడం ఖర్చు లేని పని. పట్నంలో ఉన్న మాపకం కొండ మీద వానను చెప్పదు.

అపోహ: చెట్లుంటే కొండ జారదు.

వాస్తవం: చెట్లు చేసే మేలు పెద్దదే, కానీ దానికి లోతు హద్దుంది. పట్టు ఇచ్చే వేర్లు ఎక్కువగా పైనున్న ఒకటి రెండు మీటర్లలోనే ఉంటాయి. జారే పొర ఐదు మీటర్ల కింద ఉంటే చెట్టు కూడా నేలతో పాటే వస్తుంది. వయనాడ్‌లో ఊడిన చోటు అడవే. అలాగని నరికేయొచ్చని కాదు. చెట్టు కొట్టిన ఏడాదే కొండ జారదు, మొద్దు వేర్లు కుళ్లేదాకా పట్టి ఉంచుతాయి. కుళ్లిన తర్వాత, కొత్త వేర్లు ఊనకముందు ఉండే కొన్నేళ్లే గండం. అప్పటికి నరికిన సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు, తప్పంతా వాన మీదకు పోతుంది.

అపోహ: రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) కట్టాం, ఇక భయం లేదు.

వాస్తవం: మేం ఎక్కువగా చూసే వైఫల్యం ఇదే. మూడు మీటర్ల గోడ వెనక పొడి మట్టి ఉంటే ప్రతి మీటరు పొడవుకు రెండున్నర టన్నుల దాకా తోపు ఉంటుంది. వెనక నీరు పైదాకా నిలిస్తే నీటి తోపు ఒక్కటే నాలుగున్నర టన్నులు, మట్టితో కలిపి ఆరు టన్నుల దగ్గరికి పోతుంది. గోడ బలం కన్నా ముందు చూడాల్సింది నీరు బయటికి పోయే దారి. 100 మిల్లీమీటర్ల పైపులు అడ్డంగానూ నిలువునా మీటరుకొకటి, బయటివైపు వాలుగా పెట్టాలి. గోడ వెనక 600 మిల్లీమీటర్ల మందాన కంకర పొర, మట్టికీ కంకరకీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ ఉండాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కంకర ఖర్చు మిగులుతుందని తవ్విన ఎర్రమట్టినే వెనక నింపేస్తారు. ఎర్ర నీళ్లు కారి గోడ పాడవుతోందని మేస్త్రీ పైపుల మూతులు పూడ్చేస్తాడు. జోరు వాన పడి వెలిసిన వెంటనే వెళ్లి చూడండి. చుట్టూ నేల నాని ఉండి పైపులు పొడిగా ఉంటే అవి మూసుకుపోయాయని అర్థం. నీళ్లు తేటగా వస్తే మంచిది. చిక్కటి బురద వస్తే గోడ వెనక మట్టి ఖాళీ అవుతోందని అర్థం.

వాలు మీద ఇంకుడు గుంతలు, సెప్టిక్ సోక్‌పిట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఐదుగురున్న ఇల్లు మనిషికి వంద లీటర్లు వాడితే నెలకు 15,000 లీటర్లు. వాన లేని రోజుల్లో కూడా అంత నీటిని కొండకు తాగిస్తున్నట్టే. మైదానంలో మంచి పని అయిన ఇంకుడు గుంత కొండవాలు మీద చేటు. నీటిని పైపులో పెట్టి కిందికి దించాలి.

హాంకాంగ్ ఈ పాఠాన్ని ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 1972 జూన్ 18న సావ్ మావ్ పింగ్, పో షాన్ రోడ్డుల్లో ఒకే రోజు 138 మంది పోయారు. 1976లో సావ్ మావ్ పింగ్‌లో మళ్లీ జారింది. 1977లో వాళ్లు దీనికోసమే ఒక ప్రత్యేక కార్యాలయం పెట్టారు. మనిషి తవ్విన, పోసిన వాలులన్నీ, సుమారు 60,000, రికార్డుకెక్కాయి. ప్రతి వాలుకూ ఒక నంబరు ఉంటుంది, పక్కనే ఆ నంబరు పలక ఉంటుంది, దాని కాలువలు శుభ్రం చేయాల్సిన యజమాని ఎవరో తెలుస్తుంది.

అపోహ: నిటారు కొండలున్న చోటే, వాన కురిస్తేనే నేల జారుతుంది.

వాస్తవం: నార్వేలోని యెర్‌ద్రుమ్‌లో 2020 డిసెంబరు 30న పెద్ద వాలే లేని చోట ఇళ్లు కుంగిపోయి 10 మంది చనిపోయారు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి అది. దానిలోని ఉప్పును మంచినీరు వేల ఏళ్లుగా కడిగేస్తే, కదిపినంతనే ద్రవమయ్యే మట్టిగా మారింది. పక్కన చిన్న వాగు అడుగును కోస్తూ వచ్చింది. ఇటలీలో 1963 అక్టోబరు 9న రిజర్వాయరు నీటిమట్టం పెంచుతూ తగ్గిస్తూ ఉండగా వాయంట్ డ్యామ్‌లోకి దాదాపు 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ జారింది. డ్యామ్ పగల్లేదు, నేటికీ నిలిచే ఉంది. దాని మీదుగా దూకిన అల దాదాపు 2,000 మందిని చంపింది.

మన దగ్గర మైదానాల్లో డ్రైనేజీ, మంచినీటి పైపుల కోసం తవ్వే కందకాల్లో "మట్టిపెళ్లలు విరిగిపడి కూలీల మృతి" అని చదువుతుంటాం. అది కూడా ఇదే కుటుంబం. ఘనపు మీటరు మట్టి 1.6 నుంచి 1.8 టన్నులు. తల బయటే ఉన్నా ఛాతీ మీద ఆ బరువు పడితే ఊపిరి లోపలికి తీసుకోలేరు. కందకం ఒకటిన్నర మీటరు లోతు దాటితే పక్కలకు పలకలు, అడ్డదూలాలు బిగించాలి, లేదా గోడల్ని వాలుగా తవ్వాలి. తవ్విన మట్టిని అంచు నుంచి కనీసం ఒకటిన్నర మీటరు దూరం వేయాలి. దిగడానికి నిచ్చెన లోపలే ఉండాలి.

అపోహ: చెప్పా పెట్టకుండా వస్తుంది, ఎవరేం చేయగలరు?

వాస్తవం: చాలావాటికి ముందు గుర్తులుంటాయి. నేల మీద నెలవంక ఆకారంలో పగులు, బిగుసుకుపోయి మూతపడని తలుపులు, ఒరిగిన కరెంటు స్తంభాలు, ఎన్నడూ లేని చోట ఊట. పగులు కనిపిస్తే ముందు వాలు కింద ఎవరి ఇళ్లున్నాయో వాళ్లకు, తహసీల్దారుకు చెప్పండి. పగులుకు అటొకటి ఇటొకటి ఇనుప మేకులు దిగ్గొట్టి, వాటి మధ్య దూరాన్ని ఉదయం సాయంత్రం టేపుతో కొలిచి తేదీతో రాయండి. బంకమట్టితో పగులును కూరి, టార్పాలిన్ కప్పి, పైనుంచి వచ్చే నీటిని పక్కకు మళ్లించండి. సిమెంటు పూస్తే గుర్తు మాత్రమే మాయమవుతుంది. నిన్న రెండు మిల్లీమీటర్లు, ఇవాళ ఐదు, రేపు పన్నెండు అని పెరుగుతుంటే కొలతలు ఆపి ఖాళీ చేయాలి. స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్‌లో 2025 మే 28న హిమానీనదం, రాళ్లు కలిసి కూలి ఊరు చాలా భాగం పూడిపోయింది. కదలికను కొలుస్తూ తొమ్మిది రోజుల ముందే సుమారు 300 మందిని పంపించారు కాబట్టి దాదాపు అందరూ బతికారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన గుర్తు: వాన కురుస్తూనే ఉంది, వాగులో నీరు మాత్రం ఉన్నట్టుండి తగ్గింది. అంటే పైన ఎక్కడో మట్టి అడ్డుపడి నీటిని ఆపింది. ఆ కట్ట తెగితే మిగిలేవి నిమిషాలు. వంతెన మీదికి వెళ్లి చూడకూడదు, వాగు వెంట కిందికి పరుగెత్తకూడదు. వాగుకు దూరంగా, పక్క గట్టు పైకి ఎక్కాలి. బయటపడే వీలు లేకపోతే మేడ మీద, కొండకు దూరంగా ఉన్న వైపు గదిలో ఉండాలి.

అపోహ: ఒకసారి జారిపోయిన కొండ మళ్లీ జారదు.

వాస్తవం: ముండక్కైలో 1984లోనూ కొండ జారి 14 మంది పోయారు. 2024లో ఆ రాత్రి మొదటిది ఒంటిగంట ప్రాంతంలో, రెండోది నాలుగింటి ప్రాంతంలో వచ్చింది. సాయానికి వెళ్లేవాళ్లు పైన ఒక కాపలా మనిషిని నిలబెట్టి, ఈల సంకేతం పెట్టుకోకుండా దిగకూడదు.

అపోహ: ఇది నాలుగైదు కొండ ఊళ్ల సమస్య.

వాస్తవం: 2004 నుంచి 2016 మధ్య ప్రపంచవ్యాప్తంగా భూకంపాలతో సంబంధం లేనివే 4,862 ఘటనల్లో 55,997 మంది చనిపోయినట్టు లెక్క తేలింది. ఎక్కువ భాగం ఆసియాలోనే. తుపాను, వరద ఖాతాలో రాసిన మరణాలు చాలావరకు ఇందులోకి రావు. మన దేశంలో మంచు ప్రాంతాలు వదిలేసినా 12.6 శాతం నేలకు ఈ ముప్పుందని భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్ఐ) అంచనా.

బలయ్యేది ఎవరో కూడా చూడాలి. ఎస్టేట్ కార్మికుల లైన్ ఇళ్లు వాగు ఒడ్డున చవక నేల మీద ఉంటాయి. జరిగేది నిద్రవేళ. వరద నీరు తీశాక పొలం మిగులుతుంది. ఇక్కడ బండరాళ్ల కింద హద్దురాళ్లు, దస్తావేజులు, దారి, కూలి దొరికే తోట అన్నీ పోతాయి. చూరల్‌మలలో దెబ్బతిన్న వెల్లార్‌మల బడి పిల్లలకు మేప్పాడిలో తరగతులు పెట్టారు. బతికినవాళ్లకు కల్పెట్ట ఎల్‌స్టన్ ఎస్టేట్‌లో టౌన్‌షిప్‌కు శంకుస్థాపన జరిగింది 2025 మార్చి 27న, ఎనిమిది నెలలకు. చాలియార్ నది నిలంబూరు దాకా మోసుకుపోయిన మృతదేహాల్ని, శరీర భాగాల్ని అక్కడి నుంచి వెనక్కి తెచ్చారు. ఆనవాలు దొరకనివాళ్లను పుత్తుమలలో పూడ్చారు. డీఎన్ఏ ఫలితం వచ్చేదాకా ఆ రాళ్ల మీద పేర్లు లేవు, నంబర్లే.