అమ్మలు చదవడం మానేశాకే పిల్లలూ మానేశారు

ఎండలు ముదిరితే శాఖా గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు మొదలవుతాయి, వాటితో పాటే పాత గొడవ కూడా, పిల్లలు పుస్తకం ముట్టట్లేదు ఫోనే చెడగొట్టింది అని. 

చదువు తగ్గడానికి అసలు మలుపు 1995. ఆ ఏడాదే జెమినీ, ఈటీవీ ఛానెళ్ళు రెండూ వచ్చాయి. అంతకుముందు అమలాపురం, పాలకొల్లు, తణుకు ఎక్కడ చూసినా అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి, డిపాజిట్ కడితే రోజుకింత అద్దె. వాటికి అసలు గిరాకీ ఇళ్ళల్లో ఆడవాళ్ళదే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక "ఇది ఇచ్చేసి రెండో భాగం వచ్చిందేమో అడిగి తేరా" అని పిల్లోణ్ణి పంపితే వాడు సైకిల్ స్టాండ్ వేసి చెట్టు కింద సగం చదివేసి, అదే డిపాజిట్ మీద తనకో చందమామ కూడా పట్టుకొచ్చేవాడు. వీక్లీల్లో సీరియల్ పేజీలు చింపి దాచి దారంతో కుట్టించిన బైండ్లు ప్రతి ఇంట్లో అటక మీద ఉండేవి, పదో తరగతి పిల్లలకి నవలలు అక్కడే దొరికాయి. సాయంత్రాలు టీవీ సీరియళ్ళకి పోయాక అద్దెకి తెచ్చేవాళ్ళు లేరు, కొట్లు జెరాక్సు సెంటర్లయ్యాయి. 1947లో మొదలైన చందమామ కూడా 2013 నాటికి ఆగిపోయింది. స్మార్ట్‌ఫోన్ మన ఇళ్ళకి వచ్చేటప్పటికి ఈ కథ ఎప్పుడో అయిపోయింది.

ఇంగ్లీష్ మీడియం పిల్లలు తెలుగు కూడబలుక్కుని చదువుతారు, నిజమే. కానీ వాళ్ళు అసలు చదవట్లేదనడం మాత్రం కుదరదు. మాంగాలు (జపాన్ బొమ్మల కథలు), ప్రేమకథలు ఫోన్లో రాత్రి రెండింటి దాకా చదువుతున్నారు, అది చదువే కాదంటున్న పెద్దమనుషులు మాత్రం అప్పట్లో లెక్కల పుస్తకంలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదివినోళ్ళేగా!

ఇక లైబ్రరీకి పంపండి అంటారు. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం, పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి కూడా జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యక బకాయిలు పేరుకుంటున్నాయి. పిల్ల వెళ్ళి కథల పుస్తకం అడిగితే బీరువా నిండా పోటీ పరీక్షల గైడ్లే.