మరిగించకముందే వదిలించుకునే నీరు

అమెరికాలోని వర్మాంట్‌లోను, కెనడాలోని క్యూబెక్‌లోను చలికాలం చివర, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఆ కొద్ది వారాలలో మేపుల్ చెట్ల నుంచి సేకరించే రసంలో చక్కెర దాదాపు 2 శాతమే ఉంటుంది. ఆ రసాన్ని మరిగించి చేసే తీయని పాకం, అంటే మేపుల్ సిరప్‌లో అది 66 శాతానికి పైగా ఉండాలి. అంటే 100 కిలోల రసం నుంచి 3 కిలోల సిరప్ తీయడానికి 97 కిలోల నీటిని వదిలించుకోవాలి. 86ను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే లీటరు సిరప్‌కు ఎన్ని లీటర్ల రసం కావాలో తెలుస్తుందన్నది అక్కడి తయారీదారుల నోటిలెక్క.

ఈ పని ఖర్చులో సింహభాగం గుప్తోష్ణంలోనే, అంటే మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికి పట్టే వేడిలోనే ఉంది. పాఠశాలలో మనం ఆ పదానికి నిర్వచనం బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటాం గాని, దాని పరిమాణం ఎంతటిదో ఎవరూ గట్టిగా చెప్పరు. 4 డిగ్రీల చల్లని రసాన్ని 100 డిగ్రీలకు చేర్చడానికి కిలోకు సుమారు 400 కిలోజౌళ్లు చాలు. ఆ తరువాత ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగకుండానే ఆ కిలో నీటిని ఆవిరిగా మార్చడానికి మరో 2,257 కిలోజౌళ్లు కావాలి.

అందుకే మరిగించే తొట్టి నిర్మాణంలో శ్రద్ధ అంతా మంటలోని వేడిని వృథా పోనీయకపోవడం మీదే ఉంటుంది. ఇటుకలు పరచిన పొడవైన పొయ్యి మీద రెండు తొట్లు ఉంటాయి. వెనుక తొట్టి అడుగు చదునుగా ఉండదు. లోతైన సన్నని మడతలుగా ఉంటుంది. పొగగొట్టం వైపు వెళ్లే వేడి వాయువులు ఆ మడతల సందుల్లోంచి సాగుతాయి కనుక అదే వైశాల్యం గల చదును తొట్టికంటే లోహపు ఉపరితలం ఎన్నో రెట్లు వాటికి తగులుతుంది. నీరు తగ్గిన కొద్దీ తేలే బంతి కవాటం కొత్త రసాన్ని లోపలికి వదులుతుంది. అది పాత రసాన్ని అడ్డుగోడల మధ్య వంకరదారిలో ముందు తొట్టి వైపు నెడుతుంది. కాబట్టి పలుచని రసం, చిక్కని రసం కలిసిపోవు.

లేచే ఆవిరిలోని వేడిని కూడా వదలరు. తొట్టిపై మూత బిగించి, అందులో గొట్టాలు అమర్చి, వాటి గుండా చల్లని రసాన్ని పంపిస్తారు. అయితే దీనికొక హద్దుంది: 100 డిగ్రీల ఆవిరి, 100 డిగ్రీల దగ్గరే మరిగే రసాన్ని మరిగించలేదు, వేడి మాత్రమే చేయగలదు. కనుక ఆదా అయ్యేది ఆ 400 కిలోజౌళ్ల వాటాయే, మొత్తంలో సుమారు 15 శాతం.

అసలు మలుపు నీటిని ఆవిరి చేయకుండానే తీసివేయడంలో ఉంది. 1970ల నుంచి మేపుల్ పాకలలోకి ఆర్వో యంత్రాలు వచ్చాయి; ఇవి పీడనంతో నీటిని మాత్రమే ఒక సన్నని పొర దాటిస్తాయి. మన ఊళ్లలోని మంచినీటి ప్లాంటులో పొర దాటిన నీటిని ఉంచుకొని మిగిలినదాన్ని పారబోస్తాం. ఇక్కడ పొర దాటని చక్కెర ద్రవమే కావలసిన సరుకు. 2 శాతం రసాన్ని 8 శాతానికి చేరిస్తే 100 కిలోలు 25 కిలోలవుతాయి, 75 కిలోల నీరు పొయ్యి ఎక్కకుండానే పోతుంది. మరిగించవలసినది 97 కిలోలు కాదు, 22 కిలోలే. 30 వాతావరణాల పీడనంతో లీటరు రసాన్ని పొరపైకి నెట్టడానికి సిద్ధాంతరీత్యా 3 కిలోజౌళ్లు చాలు. పంపులో జరిగే నష్టాలు కలుపుకొన్నా అది 2,257కు దరిదాపుల్లోకి రాదు. నీరు ద్రవంగానే ఉండిపోవడమే ఇందులోని కిటుకు.

మరి 66 శాతం దాకా ఎందుకు నెట్టరు? పొర దాటిన నీటిని చక్కెర ద్రవం తిరిగి తనవైపు లాగే బలాన్ని ద్రవాభిసరణ పీడనం అంటారు. 2 శాతం రసంలో అది ఒకటిన్నర వాతావరణాలే, కాని చక్కెర పెరిగిన కొద్దీ అది విపరీతంగా పెరిగి, పంపు తోపును పూర్తిగా రద్దు చేస్తుంది. పైగా 2 నుంచి 4 శాతానికి చేర్చడంలో 50 కిలోల నీరు పోతే, 4 నుంచి 8కి 25, 8 నుంచి 16కి పన్నెండున్నర మాత్రమే పోతాయి. శ్రమ పెరుగుతూ ఫలితం సగమవుతూ పోతుంది. సిరప్ రంగు, రుచి పుట్టేది మరిగేటప్పుడే కనుక చివరి అంకం నిప్పు మీదే జరగాలి. ఆర్వో వాడితే రుచి చచ్చిపోతుందన్న పాతకాపుల నమ్మకాన్ని మాత్రం నేను పెద్దగా పట్టించుకోను.

నీరు మరిగే స్థానంకంటే సుమారు 4 డిగ్రీలు ఎక్కువ చూపినప్పుడు సిరప్‌ను బయటికి తీస్తారు. ఆ మరుగు స్థానం వాయుపీడనంతో పాటు మారుతుంది కనుక, జాగ్రత్తపరులు అప్పటికప్పుడు వట్టి నీటిని మరిగించి థర్మామీటరు సరిచూసుకుంటారు. ముందుగా తీస్తే నిలవలో పులుస్తుంది. ఆలస్యమైతే సీసా అడుగున చక్కెర స్ఫటికాలు పేరుకుంటాయి.