క్వినోవా ఉడికాక ఆ తెల్లటి తోక ఏంటి?

ఏం వండాలో తోచనప్పుడు, ఫ్రిజ్‌లో అరకొరగా ఓ ఉల్లిపాయ, రెండు టమాటాలు, కొంచెం పాలకూర తప్ప ఏం లేనప్పుడు క్వినోవా నిజంగా ఆదుకుంటుంది, నానబెట్టే పని లేదు, పావుగంటలో ఉడికిపోతుంది. అంత త్వరగా ఎలా అంటే గింజని కాస్త దగ్గరగా చూడాలి.

ఇది వరి, గోధుమల్లాగా గడ్డి జాతి కాదు, పాలకూర, తోటకూర, బీట్‌రూట్ ఉండే కుటుంబంలోది. గింజ మహా అయితే రెండు మిల్లీమీటర్లు. మధ్యలో పిండిపదార్థం, దాని చుట్టూ ఉంగరంలా చుట్టుకుని మొలకెత్తే భాగం, అంటే పిండం. ఉడికాక విడిపోయి తెల్లగా తోకలా కనిపించేది ఇదే, పురుగేమో అని కంగారు పడక్కర్లేదు, పైగా ఉడికిందనడానికి అదే గుర్తు. ప్రోటీన్, కొవ్వు ఎక్కువగా ఉండేది కూడా ఇందులోనే. బియ్యం పాలిష్ పడితే మొలక భాగం తవుడులోకి పోతుంది కానీ క్వినోవాకి పైపొర తీసేసినా పిండం గింజతోనే ఉంటుంది, అందుకే ఎండు గింజలో సుమారు 14 శాతం ప్రోటీన్, అందులోనూ వరి గోధుమల్లో తక్కువగా ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌లో ఓ భాగం) దీంట్లో బాగానే ఉంటుంది. అలాగని ప్యాకెట్ మీద 14 చూసి ప్లేట్లోనూ అంతే ఉంటుందనుకోకండి, ఉడికేటప్పుడు నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి ఉడికిన 100 గ్రాముల్లో 4 గ్రాముల పైచిలుకే, అందుకే పక్కన ఓ గుడ్డో గుప్పెడు ఉడికిన శనగలో ఉంటే మంచిది.

ఇక వేడి సంగతి. క్వినోవా పుట్టిల్లు ఆండీస్ పర్వతాలు, పెరూ బొలీవియా మధ్య టిటికాకా సరస్సు సముద్రమట్టానికి దాదాపు 3,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ నీళ్ళు 87, 88 డిగ్రీలకే మరిగిపోతాయి. అయినా క్వినోవాకి ఇబ్బంది లేదు, ఎందుకంటే దాని పిండి రేణువులు చాలా సన్నవి, 60 డిగ్రీలకి అటూఇటూగానే నీళ్ళు పీల్చి ఉబ్బడం మొదలుపెడతాయి. చిన్న గింజ, తొందరగా ఉబ్బే పిండి, ఇంకేం కావాలి.

వండేముందు మాత్రం కడగాలి, ఇది వదిలేస్తే మిగతాదంతా దండగ. పైపొరలో సాపోనిన్లు ఉంటాయి, కుంకుడుకాయ నురగకి కారణం కూడా ఇవే, చేదుగా ఉంటాయి కాబట్టి పిట్టలు, పురుగుల నుంచి మొక్కకి రక్షణ. 2017లో క్వినోవా జన్యుపటం నేచర్ పత్రికలో వచ్చినప్పుడు ఈ చేదుని కంట్రోల్ చేస్తుందనుకుంటున్న జీన్‌ని కూడా శాస్త్రవేత్తలు గుర్తించారు. కడిగి అమ్మే ప్యాకెట్లు ఉన్నా సన్న జల్లెడలో వేసి నురగ ఆగేదాకా నీళ్ళ కింద పట్టడం నయం.

కడిగాక పొడి మూకుట్లో మూడు నాలుగు నిమిషాలు వేయించండి, తడి ఆరాక కమ్మటి వాసన మొదలవుతుంది, రుచంతా అక్కడే ఉంది. కప్పు గింజలకి కప్పూముప్పావు నీళ్ళు చాలు, చాలామంది రెండు కప్పులు పోస్తారు, ముద్దయ్యేది అందుకే. మూతపెట్టి సిమ్‌లో 12 నుంచి 15 నిమిషాలు, ఆపేశాక ఇంకో పది నిమిషాలు మూత తియ్యొద్దు, లోపలి ఆవిరితో తడి అన్ని గింజలకీ సమంగా సర్దుకుంటుంది. ఈలోగా పక్క పొయ్యి మీద ఉల్లిపాయ, టమాటా మగ్గించి చివర్లో పాలకూర వేసి ఉడికిన క్వినోవా కలిపేస్తే సరి, టమాటా నీళ్ళు ముందే ఇంకిపోవాలి లేకపోతే మళ్ళీ ముద్దే. నిమ్మకాయ దించాకే పిండాలి, విటమిన్ సి వేడికి తగ్గిపోతుంది, క్వినోవా, పాలకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టడానికి అది సాయపడుతుంది.

మిగిలింది గిన్నెలో అలాగే బయట వదిలేయకూడదు, బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి దాని గట్టి రూపాలు, మరిగినా చావవు, గోరువెచ్చగా ఉంటే పెరుగుతాయి. వెడల్పాటి పళ్ళెంలో పరిచి త్వరగా చల్లార్చి గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు గుడ్డు కొట్టి అందులో వేయిస్తే ఇంకా పొడిపొడిగా వస్తుంది.