దొరకనివి కూడా లెక్కలోకి రావాలి

నెప్ట్యూన్ అవతల తిరిగే మంచు ముక్కలకు సొంత వెలుగు ఉండదు. సూర్యకాంతి అంత దూరం వెళ్లి, వాటి మీద పడి, తిరిగి మన దాకా రావాలి. పోయేటప్పుడూ పలచబడుతుంది, వచ్చేటప్పుడూ పలచబడుతుంది, అందుకే అదే ముక్క రెండింతల దూరంలో ఉంటే దాదాపు 16 రెట్లు మసకగా కనిపిస్తుంది. ప్లూటో, దాని చంద్రుడు షారన్ తర్వాత అక్కడ ఇంకోటి దొరికింది 1992లోనే. హవాయిలోని మౌనా కియా మీద 2.2 మీటర్ల టెలిస్కోపుతో డేవిడ్ జ్యూయిట్, జేన్ లూ ఏళ్ల తరబడి వెతికి పట్టుకున్నారు.

పద్ధతి మాత్రం సులువే. ఒకే చోటిని గంట గంటకూ ఫొటో తీస్తే నక్షత్రాలు కదలవు, మంచు ముక్క కదులుతుంది. గంటకు చందమామ వెడల్పులో ఆరు వందల్లో ఒక వంతు, అంతే! అది కూడా చాలావరకు మన భూమి కదలిక వల్ల కనిపించేదే.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇలాంటి ముక్కల్ని వెతకడానికి 2013లో మొదలైన ఓసోస్ సర్వే. అదే మౌనా కియా మీద 3.6 మీటర్ల టెలిస్కోపుతో 800కు పైగా కొత్తవి కనిపెట్టారు, కానీ గొప్పతనం ఆ సంఖ్యలో లేదు. వాళ్లు తమ ఫొటోల్లో తామే నకిలీ చుక్కలు పెట్టి, వాటిలో ఎన్ని దొరికాయో, ఎన్ని తప్పిపోయాయో చూసుకున్నారు. దాంతో ఎంత మసకవి తమ కంటికి ఆనవో వాళ్లకు కచ్చితంగా తెలిసింది.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, 2016లో ఖగోళ శాస్త్రవేత్తలు బటీగిన్, మైక్ బ్రౌన్ చాలా దూరపు ముక్కల కక్ష్యలు ఒకే వైపు మొగ్గుతున్నాయి కాబట్టి అవతల పెద్ద గ్రహం ఒకటి ఉండొచ్చన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ సాగిన కక్ష్యల్లో తిరిగేవి సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడే మనకు దొరుకుతాయి, పైగా పాలపుంత నక్షత్రాలు కిక్కిరిసిన వైపు ఎవరూ సరిగా వెతకలేరు, కాబట్టి మనం చూసిన దిక్కే ఆ మొగ్గుకు కారణం కావచ్చు కదా? ఓసోస్ వాళ్లు తమకు దొరికిన వాటిలో అలాంటి దూరపు ఎనిమిదింటిని ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే, ప్రత్యేకంగా ఒక వైపు మొగ్గు ఉన్నట్టు తేలలేదు. బ్రౌన్ బృందం ఒప్పుకోలేదు, వాదన ఇంకా నడుస్తోంది.

ఎనిమిదింటితో అది తేలదు. చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ 8.4 మీటర్ల అద్దంతో దక్షిణాకాశాన్ని పదేళ్ల పాటు మళ్లీ మళ్లీ ఫొటో తీసే పని పెట్టుకుంది, నెప్ట్యూన్ అవతలి ముక్కలు వేల సంఖ్యలో దొరుకుతాయని అంచనా.