వెలుగును పట్టేది ఇనుము, బొమ్మ కట్టేది వెండి

ఫొటో రసాయనం అనగానే వెండి గుర్తొస్తుంది. ఫిల్మ్‌లోనైనా, బ్రోమైడ్ కాగితం మీదైనా వెలుగు తగిలి మారేది వెండి లవణమే. వాన్‌డైక్ బ్రౌన్, కాలిటైప్ లాంటి పాత ముద్రణ పద్ధతుల్లో మాత్రం వెలుగును పట్టే పని ప్రధానంగా ఇనుముది.

1842లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండులో ఈ దారి చూపించాడు. ఫెరిక్ అమ్మోనియం సిట్రేట్ పూసిన కాగితాన్ని ఎండలో పెడితే ఫెరిక్ ఇనుము ఒక ఎలక్ట్రాన్ అందుకుని ఫెర్రస్‌గా మారుతుంది. దానికి పొటాషియం ఫెర్రిసయనైడ్ తోడైతే ప్రష్యన్ నీలం పుడుతుంది. ఇంజనీర్ల బ్లూప్రింట్లు అలా వచ్చినవే. సిల్వర్ నైట్రేట్ తోడైతే ఫెర్రస్ ఇనుము తన ఎలక్ట్రాన్‌ను వెండి అయానుకు ఇచ్చేస్తుంది, కాగితంలో లోహపు వెండి తేలుతుంది. ఆ రేణువులు మరీ సన్నవి కాబట్టే బొమ్మ నల్లగా కాక గోధుమరంగులో కనిపిస్తుంది.

వాన్‌డైక్‌లో ఫెరిక్ అమ్మోనియం సిట్రేట్, సిల్వర్ నైట్రేట్‌లతో పాటు టార్టారిక్ ఆమ్లం కూడా కలుస్తుంది. దీనికి అతినీలలోహిత కాంతి కావాలి. అందుకని పాతకాలపు ఫిలమెంట్ బల్బు మసక వెలుతురులో కాగితానికి పూత వేసుకోవచ్చు. బొమ్మ ఎంత పెద్దదో నెగటివ్ కూడా అంతే ఉండాలి, దాన్ని కాగితానికి ఆనించి ఎండలో పెట్టాలి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఓటు సిరాలో ఉండేదీ సిల్వర్ నైట్రేటే కాబట్టి ఆ మరక సంగతి మనకు తెలిసిందే. కంటికైతే అది ప్రమాదం.

అసలు చిక్కు ఎండలో పెట్టిన తర్వాత మొదలవుతుంది. కాగితంలో మిగిలిపోయిన ఫెరిక్ ఇనుము వెండి నుంచి ఎలక్ట్రాన్‌ను తిరిగి లాక్కుంటుంది, బొమ్మ క్రమంగా వెలిసిపోతుంది. డబ్ల్యూ. డబ్ల్యూ. జె. నికల్ అనే రసాయన శాస్త్రవేత్త 1889లో పేటెంటు తీసుకున్న కాలిటైప్‌కు నిలవదన్న చెడ్డపేరు రావడానికి ఇదీ ఒక కారణం. నా లెక్కలో తప్పు పద్ధతిది కాదు, కడగడానిది. మన బోరు నీళ్లలో క్షారగుణం ఎక్కువగా ఉంటే ఇనుము తుప్పులాంటి పదార్థంగా పీచుల్లో ఇరుక్కుంటుంది, తర్వాత హైపో (మిగిలిన వెండి లవణాన్ని కరిగించి బొమ్మను నిలిపే సోడియం థయోసల్ఫేట్) కూడా దాన్ని పూర్తిగా వదిలించలేదు. మొదటి నీళ్లలో కాస్త సిట్రిక్ ఆమ్లం కలిపితే సగం టెన్షన్ తగ్గుతుంది. హైపో పలచగా, కాసేపే ఉండాలి. ఎక్కువసేపు ఉంచితే అది సన్నని వెండినీ తినేస్తుంది. ఖర్చుకు వెనకాడనివాళ్లు హైపోకు ముందే బంగారు లవణంతో టోనింగ్ చేస్తారు. వెండి స్థానంలో కొంత బంగారం చేరితే బొమ్మకు ఆయుష్షు పెరుగుతుంది.

అనుమానం ఉంటే ఒకే ప్రింటును రెండుగా కత్తిరించి, ఒక ముక్కను ఉత్త బోరు నీళ్లతో, రెండోదాన్ని సిట్రిక్ నీళ్లతో కడిగి చూడండి. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు మరక ఏ ముక్కలో మిగిలిందో చూస్తే సరిపోతుంది.