ఇంటి నిండా కంప్యూటర్లు: అపోహలు - వాస్తవాలు

మా ఇంటికొచ్చినవాళ్లు హాల్లో మూలనున్న అల్మరా తలుపు సందులోంచి పచ్చలైట్లు మిణుకుమనడం చూసి మూడు ప్రశ్నల్లో ఏదో ఒకటి అడుగుతారు. కరెంటు బిల్లు ఎంతొస్తుంది? ఇవన్నీ హ్యాక్ అవ్వవా? అసలు ఒక ఇంటికి ఇన్ని ఎందుకు? సర్వర్లు (ఆగకుండా నడుస్తూ మిగతా పరికరాలకు పనిచేసిపెట్టే కంప్యూటర్లు) చూసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి మొదటి రెండింటికీ లెక్కతో సహా జవాబు చెప్పగలను. మూడోది అడిగితే మాత్రం మంచినీళ్లు తాగుతారా అని మాట మారుస్తాను.

మిషన్ల సంఖ్య చూసి భయపడేవాళ్లు నిజంగా భయపడాల్సిన చోట మాత్రం నిశ్చింతగా ఉంటారు. నాలాగే ఇంట్లో సర్వర్లు నడుపుకునేవాళ్లలోనూ ఇది చూశాను, నాలోనూ చూసుకున్నాను. అందుకే ఈ పోస్టు.

అపోహ: మా ఇంట్లో ఉన్నది ఒక్క లాప్‌టాపే

ఈ మాట అనేవాళ్లను నేను చేయమనే పని ఒకటే. రౌటర్ అడ్మిన్ పేజీ తెరిచి, కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూడండి. ఫోన్లు, టీవీ, ప్రింటర్, కెమెరా, వైఫై బల్బు, అన్నీ అక్కడ వరసగా కనిపిస్తాయి. వైఫై బల్బు లోపల కూడా సొంత ప్రాసెసర్, మెమరీ, ప్రోగ్రామ్ ఉన్న చిన్న చిప్ ఉంటుంది. రౌటరే ఒక కంప్యూటర్, చాలావాటిలో నడిచేది లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమే. ఇంకా లోపలికి వెళ్తే హార్డ్ డిస్కుకి దాని సొంత ప్రాసెసర్ ఉంటుంది, ఆఖరికి సిమ్ కార్డులోనూ ఒకటి ఉంటుంది. మా అల్మరాలో నేను పనిగట్టుకుని పెట్టినవి ఏడు. రౌటర్ చూపించేవి ముప్పై దాటాయి.

జాబితాలో గుర్తుపట్టలేని పేరు కనిపించిందని వెంటనే టెన్షన్ పడకండి. ఇప్పటి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) చూపిస్తాయి, కాబట్టి మీ ఫోనే మీకు అపరిచితుడిలా కనిపించొచ్చు. ఇంట్లో ఒక్కొక్కరి ఫోన్‌లో వైఫై ఆపుతూ జాబితాలోంచి ఏది పోతుందో చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

అపోహ: ఇన్ని నడిపితే కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది

ఏడాదికి 8,760 గంటలు. ఒక వాట్ తాగే వస్తువు ఆగకుండా నడిస్తే ఏడాదికి 8.76 యూనిట్లు. నోటిలెక్కకు వాట్లను తొమ్మిదితో గుణించండి, చాలు.

ఇప్పుడు ప్లగ్‌కి పెట్టే చిన్న మీటరుతో నేను కొలిచినవి చెప్తాను. పాత డెస్క్‌టాప్ ఏ పనీ లేకుండా ఊరికే కూర్చుంటే 62 వాట్లు, అంటే ఏడాదికి 540 యూనిట్ల పైన. అరచేతిలో పట్టే మినీ పీసీ 7 వాట్లు, అంటే 61 యూనిట్లు. క్రెడిట్ కార్డంత కంప్యూటర్ బోర్డు 3 వాట్లు, 26 యూనిట్లు. ఆ పాత డెస్క్‌టాప్ ఒక్కటి తాగేదానితో ఇరవై చిన్న బోర్డులు నడుస్తాయి. అంటే అల్మరాలో ఎన్ని ఉన్నాయని అడిగేకంటే ఏవి ఉన్నాయని అడగాలి.

దీనికి తిరగేసిన అపోహ ఒకటి మావాళ్లలో ఉంది: ‘పాత సిస్టమ్ పారేయకుండా సర్వర్ చేశాను, డబ్బు మిగిలింది’. మీటరు పెట్టి చూసేదాకా నేనూ అలాగే అనుకున్నాను. పాతదాన్ని వాడాలనే ఉంటే ముందు గ్రాఫిక్స్ కార్డు పీకేయండి. తెర కూడా లేని సర్వర్‌లో అది చేసే పనేమీ లేదు, ఊరికే కూర్చుని పది వాట్లో పదిహేను వాట్లో తాగుతుంది. 3.5 అంగుళాల హార్డ్ డిస్కులు తిరుగుతున్నంతసేపూ ఒక్కోటి నాలుగైదు వాట్లు లాగుతాయి, కాబట్టి నాలుగు చిన్న డిస్కుల బదులు ఒక పెద్దది నయం.

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా) మీద 500 వాట్లు అని రాసి ఉంటుంది కదా అంటారు. అది గరిష్ఠంగా ఇవ్వగలిగింది మాత్రమే. లోపలివాళ్లు ఎంత అడిగితే అంతే ఇస్తుంది.

అపోహ: పాత లాప్‌టాప్‌కి మించిన సర్వర్ లేదు

ఇందులో నిజం ఉంది. తక్కువ కరెంటు, తెర ఉంది, కీబోర్డు ఉంది, బ్యాటరీ ఉంది కాబట్టి యూపీఎస్ ఉచితం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఎక్కని లాప్‌టాప్‌లు చాలా ఇళ్లలో మిగిలాయి. వాటిలో లైనక్స్ వేసుకుంటే ఇంకో అయిదారేళ్లు హాయిగా పనిచేస్తాయి.

నన్ను ముంచింది ఆ ఉచిత యూపీఎస్సే. ఏడాదిన్నర పాటు ఛార్జర్ తీయకుండా నడిపిన లాప్‌టాప్ ఒకటి ఉండేది. ఒకరోజు టచ్‌ప్యాడ్ నొక్కితే నొక్కుడు పడటం లేదు. దుమ్ము పట్టిందనుకున్నాను. వారం తర్వాత చూస్తే బల్ల మీద ఒక మూల పైకి లేచి కటకటమని ఊగుతోంది. బల్ల కాళ్ల కింద అట్టముక్క పెట్టాను! ఇంకో వారానికి కీబోర్డు మధ్యలో పూరీలా పొంగింది, అప్పటికి వెలిగింది నాకు. నూరు శాతం ఛార్జ్‌తో, వేడిలో, ఏళ్ల తరబడి ఉంచితే లిథియం బ్యాటరీలు ఇలాగే వాస్తాయి. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ ఛార్జ్ పెట్టకూడదు. జాగ్రత్తగా తీసి బ్యాటరీలు సేకరించేచోట ఇచ్చేయాలి. చాలా లాప్‌టాప్‌ల బయాస్‌లోనో (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్), తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనో ఛార్జింగ్ 60 లేదా 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటుంది. అది పెట్టకుండా లాప్‌టాప్‌ని సర్వర్ చేయకండి.

అపోహ: డిస్కులు జంటగా పెట్టాను, కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే

ఇది అన్నిటికన్నా ఖరీదైన అపోహ. జంట డిస్కుల పద్ధతిని రెయిడ్ అంటాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 1988లో ప్రచురించిన పత్రంతో ఆ పేరు స్థిరపడింది. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చవకైన చిన్నవాటిని కలిపి వాడదాం, అందులో ఒకటి చచ్చినా పని ఆగకుండా చూద్దాం అన్నది ఆలోచన. పని ఆగకుండా చూడటం వరకే దాని బాధ్యత. మీరు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ దాన్ని రెండు డిస్కుల్లోంచీ అదే క్షణంలో, ఎంతో విశ్వాసంగా తీసేస్తుంది. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్‌వేర్) తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది.

సరే, వేరే డిస్కుకి రోజూ కాపీ చేస్తాను అంటారా? నేనూ చేసేవాణ్ని. రాత్రి రెండింటికి ఒక స్క్రిప్టు నడిచేది: ఫొటోల డిస్కులో ఏముంటే బ్యాకప్ డిస్కులో అదే ఉండాలి, అక్కడ లేనివి ఇక్కడ తీసేయాలి. ఒకసారి సర్వర్ రీస్టార్ట్ అయ్యాక ఫొటోల డిస్కు మౌంట్ కాలేదు, అంటే సర్వర్‌కి అది అందుబాటులోకి రాలేదు. డిస్కు లేకపోయినా దాని ఖాళీ ఫోల్డర్ అలాగే ఉంటుంది. స్క్రిప్టు ఆ ఖాళీ ఫోల్డర్ చూసి, ‘ఓహో, ఫొటోలేమీ లేవు’ అనుకుని బ్యాకప్‌ని కూడా ఖాళీ చేసింది. తెల్లారి నాకొచ్చిన రిపోర్టులో ‘విజయవంతం’ అని ఉంది. అసలు డిస్కు బాగానే ఉంది కాబట్టి బతికిపోయాను. డిస్కు నిజంగా చచ్చే మౌంట్ కాకపోయి ఉంటే మా అమ్మాయి మొదటి పదేళ్ల ఫొటోలు పోయేవి.

ఆ తర్వాత స్క్రిప్టులో మొదటి లైను మార్చాను. ఫొటోల డిస్కులో నేను పెట్టిన ఒక గుర్తు ఫైలు కనిపిస్తేనే ముందుకెళ్లాలి, లేకపోతే ఆగి నన్ను లేపాలి. దాంతోపాటు తీసేసినవి కూడా కొన్ని నెలలు నిలిచి ఉండే స్నాప్‌షాట్‌లు మొదలుపెట్టాను. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ వల్ల ప్రచారంలోకి వచ్చిన 3-2-1 సూత్రం ఇంటికి కూడా సరిగ్గా సరిపోతుంది: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట. మా బయటి ప్రతి తమ్ముడి ఇంట్లో ఉంది, వాడిది మా ఇంట్లో ఉంది. ఎన్‌క్రిప్ట్ చేసుకున్నాం కాబట్టి వాడి రహస్యాలు నాకు తెలియవు, పెద్ద నష్టమేమీ లేదు. నెలకోసారి ఏదో ఒక పాత ఫొటో అడిగి తెప్పించుకుంటాను. వెనక్కి తెచ్చి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలో వేసుకోను.

అపోహ: ఎస్‌ఎస్‌డీలో (చిప్‌ల మీద డేటా దాచే డిస్కులో) తిరిగే భాగాలు లేవు కాబట్టి పాడవదు

పాడవుతుంది. హార్డ్ డిస్కు చాలాసార్లు చప్పుడు చేసి చెప్పి పోతుంది, ఎస్‌ఎస్‌డీ చెప్పకుండా పోవడమే ఎక్కువ. చిన్న బోర్డుల్లో వాడే ఎస్‌డీ కార్డు అయితే రోజంతా లాగ్ ఫైళ్లు (ఏం జరిగిందో రాసుకునే చిట్టాలు) రాయించుకుని ఇంకా తొందరగా అరిగిపోతుంది. లాగ్‌లను మెమరీలో పెట్టండి, లేదా బోర్డుని ఎస్‌ఎస్‌డీ నుంచి బూట్ చేయండి.

అపోహ: మా ఇంటి కంప్యూటర్‌తో హ్యాకర్లకు పనేముంది?

మీతో పనేమీ లేదు, నిజమే. మీ మిషన్‌తో ఉంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇళ్లలోని కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను లక్షల సంఖ్యలో లొంగదీసుకుంది. అది వాడిన విద్య చాలా చిన్నది. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జాబితా ఒకటి పట్టుకుని, ఒక్కో తలుపూ తట్టుకుంటూ వెళ్లడమే. ఆ ఏడాది అక్టోబరులో ఆ సైన్యాన్ని డిన్ అనే డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకి దాని నంబరు అడ్రస్ వెతికిపెట్టే వ్యవస్థ) సంస్థ మీదికి తోలితే ఎన్నో పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. అన్నట్టు, ఆ పరికరాల్లో నడిచేది లైనక్సే. లైనక్స్‌కి వైరస్‌లు రావు అనేవాళ్లకు విడిగా జవాబు రాయక్కర్లేదు.

మనల్ని ఎవరూ కనిపెట్టలేరనే ధీమా కూడా వద్దు. ఐపీవీ4లో (ఇంటర్నెట్‌లో పరికరాలకు నంబరు అడ్రస్‌లిచ్చే పద్ధతి) మొత్తం అడ్రస్‌లు సుమారు 429 కోట్లు. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో జీమ్యాప్ అనే సాధనంతో, గిగాబిట్ లైను ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ నుంచి ఇంటర్నెట్ మొత్తాన్ని ముప్పావు గంటలోపే తట్టి చూడొచ్చని నిరూపించారు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) పోర్టు, అంటే దాని తలుపు, బయటికి తెరిచి లాగ్ చూడండి. రూట్, అడ్మిన్, టెస్ట్ అనే యూజర్‌నేమ్‌లతో ముక్కూమొహం తెలియనివాళ్లు వరస కట్టి ఉంటారు. పోర్టు నంబరు మారిస్తే ఈ రద్దీ తగ్గుతుంది, లాగ్ ప్రశాంతంగా కనిపిస్తుంది, తాళం మాత్రం అదే తాళం.

నా పద్ధతి ఇది: బయటికి ఒక్క వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) తప్ప ఏదీ తెరవను. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడతాను. 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి అది లైనక్స్ కెర్నల్‌లోనే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోనే) ఉంది. సరైన కీ లేకుండా ఎవరు తట్టినా అది ‘లేను’ అని కూడా అనదు, మౌనంగా ఉంటుంది. కెమెరాలు, బల్బులు గెస్ట్ వైఫైలో విడిగా ఉంటాయి, అక్కడి నుంచి ఫొటోల సర్వర్ కనిపించదు. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపేశాను, ఎందుకంటే అది ఆన్‌లో ఉంటే ఇంట్లో ఏ పరికరమైనా నన్నడక్కుండా పోర్టు తెరిపించుకోగలదు.

అపోహ: వైఫై ఇంత స్పీడుంటే ఇంక వైరెందుకు?

కదిలే వస్తువుకి వైఫై, కదలని వస్తువుకి వైరు. క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ వంద మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, అంటే సెకనుకు 110 మెగాబైట్ల దాకా నికరంగా వస్తాయి. టీవీని, సర్వర్లని వైరు మీదికి మార్చిన రోజున మా ఇంట్లో ఫోన్ల వైఫై బాగుపడింది. గాలి అందరిదీ కదా, పంచుకునేవాళ్లు తగ్గారు.

అపోహ: ఒక్కసారి సెట్ చేస్తే ఇంక దానంతటదే నడుస్తుంది

ఒకసారి రెండు వారాలు ఊరెళ్తూ అన్నీ ఆపేశాం. తిరిగొచ్చి ఆన్ చేస్తే అన్నిటికీ లైట్లు వెలిగాయి, ఇంటర్నెట్ మాత్రం లేదు. ‘నాన్నా, నెట్ పోయింది’ అని మా అమ్మాయి. లైను బాగుంది, రౌటర్ బాగుంది. రెండు గంటలు పట్టింది దొంగను పట్టుకోవడానికి.

ఇంటికంతటికీ డీఎన్ఎస్ చూసే చిన్న బోర్డుకి సొంత గడియారం లేదు. రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డుల్లో నాలుగో తరం దాకా అది ఉండేది కాదు, 2023లో వచ్చిన అయిదో తరంలో చేర్చారు, దానికీ చిన్న బ్యాటరీ విడిగా తగిలించాలి. గడియారం లేనిది ఆపేముందు గుర్తుపెట్టుకున్న టైమ్ నుంచే లెక్క మొదలెడుతుంది. అంటే దాని లెక్కలో ఇంకా మేం ఊరెళ్లలేదు. డీఎన్ఎస్ జవాబుల మీద ఉండే డిజిటల్ సంతకాలకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. రెండు వారాల వెనకున్న బోర్డుకి అవన్నీ ఇంకా పుట్టని సంతకాల్లా కనిపించి ప్రతి జవాబునీ తిరస్కరించింది. టైమ్ సరిచేసుకుందామంటే టైమ్ సర్వర్ పేరు వెతకాలి, ఆ పేరు వెతకాలంటే డీఎన్ఎస్ కావాలి, డీఎన్ఎస్ నడవాలంటే టైమ్ సరిగా ఉండాలి. ఇల్లాలు తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసినట్టయింది. టైమ్ సర్వర్‌ని పేరుతో కాకుండా ఐపీ నంబరుతో రాసి, బిళ్ల బ్యాటరీ ఉన్న చిన్న గడియారం మాడ్యూల్ తగిలించాక ఆ సమస్య మళ్లీ ఎప్పుడూ రాలేదు.

యూపీఎస్ గురించి కూడా ఇక్కడే రెండు ముక్కలు. కరెంటు పోయినా సర్వర్లు గంటల తరబడి నడవాలని యూపీఎస్ కొనకండి, అవి మర్యాదగా షట్‌డౌన్ అయ్యే పది నిమిషాల కోసం కొనండి. యూఎస్‌బీ వైరుతో సర్వర్‌కి కలిపి, బ్యాటరీ సగానికి రాగానే షట్‌డౌన్ చేసే సాఫ్ట్‌వేర్ పెట్టండి. లోపలి లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లే ఉంటుంది. పెట్టిన తేదీ దాని మీదే మార్కర్‌తో రాయండి.

అపోహ: నాకు తెలుసు కదా, చాలు

డీఎన్ఎస్ గొడవ జరిగింది నేను ఇంట్లో ఉన్నప్పుడు. నేను లేనప్పుడు జరిగి ఉంటే? ఆ రాత్రే కూర్చుని ఏడు మిషన్ల పేర్లూ రాశాను. ఒక్కోదాని ఎదురుగా ‘ఇది ఆగితే ముందు ఎవరికి తెలుస్తుంది?’ అన్న ప్రశ్నకు జవాబు రాశాను. రెండింటి ఎదురుగా ఎవరి పేరూ రాయలేకపోయాను. ఆ రెండూ మర్నాడే ఆపేశాను, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. మిగిలిన అయిదింటికి ఒక్కో కాగితం ముక్క: ఏ స్విచ్, ఏ క్రమంలో, ఏది ముట్టుకోకూడదు, నేను అందుబాటులో లేకపోతే డీఎన్ఎస్‌ని మామూలు రౌటర్‌కి ఎలా మార్చాలి.

ఆ కాగితం అల్మరా తలుపు లోపలివైపు అంటించి ఉంది. గత నెల చూస్తే అడుగున మా ఆవిడ చేతిరాతతో ఒక లైను కొత్తగా చేరింది: ‘ముందు ఆయన లోపల ఏమైనా కెలుకుతున్నారేమో అడగాలి.’